ఆ ఆదివారం కేబుల్ నా చేతిలోనే ఉంది

ఇలాంటివి రాసేవాళ్ళంతా ముందు దెయ్యాల మీద నమ్మకం లేదంటారు. చివరికొచ్చేసరికి ఒక తెల్లచీరని తెచ్చి నిలబెడతారు. నా దగ్గర అలాంటిదేమీ లేదు. నేను హార్డ్‌వేర్ వాణ్ణి. మా వీధిలో ఎవరికో గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తుంటే వాళ్ళ ముఖం మీదే నవ్విన మనిషిని. ఏ మిషనైనా ఆగిందంటే దానికొక కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. ఇన్నేళ్ళుగా నేను తింటున్న అన్నం ఆ నమ్మకం మీదే.

ఒకే ఒక్కసారి కారణం దొరకలేదు. అది కూడా మిషను ఆగినందుకు కాదు, ఆగాల్సింది ఆగనందుకు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తే నాకు హాయి. ఆ రోజు నేను చేసిన పని కుళ్ళుతో చేశాను. పొరపాటున కాదు, కోపంలో కాదు. అచ్చమైన కుళ్ళు.

రెండు వేల ఏడు, ఎనిమిది ప్రాంతం. మా ఇల్లు గుడివాడ. ఉద్యోగం మచిలీపట్నంలో, అంటే మా మాటలో బందరులో, కోనేరు సెంటర్‌కి దగ్గర్లో ఒక నెట్ సెంటర్‌లో. పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కేవాణ్ణి. పెడనలో కలంకారీ అద్దకం పనివాళ్ళు ఎక్కేసరికి నాకు ఒక కునుకు అయిపోయేది. మళ్ళీ ఇంటికి చేరేది రాత్రికే. అప్పటికి మా అమ్మాయికి పది నెలలు. నేను వెళ్ళేటప్పుడు నిద్రలో ఉండేది, వచ్చేసరికీ నిద్రలోనే ఉండేది. సెలవు రోజున ఎత్తుకోబోతే కొత్తవాణ్ణి చూసినట్టు చూసి కెవ్వుమనేది. పక్కింటివాళ్ళ దగ్గరికి వెళ్ళేది, పాలు పోసే ఆవిడ దగ్గరికి వెళ్ళేది. నా దగ్గరికి మాత్రం రాదు.

నెట్ సెంటర్ ఓనరు ప్రసాదరావు గారు. చుట్టరికం లేకపోయినా అందరం మావయ్య గారూ అనే పిలిచేవాళ్ళం. ఎనిమిది సిస్టాలు, ఒక బ్రాడ్‌బ్యాండ్ లైను, ఒక ప్రింటరు. గుడివాడలో కూడా ఒక బ్రాంచి పెడతానని ఆయన చాలాకాలంగా అంటుండేవారు. అది నాకే ఇస్తారని నేను అనుకునేవాణ్ణి. నాలుగేళ్ళ సీనియారిటీ, విజయవాడలో చేసిన హార్డ్‌వేర్ కోర్సు, ఊరు కూడా మా ఊరే. ఇంకెవరికిస్తారు?

అప్పుడే దిగాడు నాంచారయ్య.

అతని గురించి చెప్పేముందు గేముల సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో కాలేజీ కుర్రాళ్ళకి ఒక ప్రోగ్రాం పిచ్చి పట్టింది. దాన్ని క్లయింట్ అనేవాళ్ళం. ముందు అది సిస్టంలో వేసుకోవాలి. పేరు, పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్తే మనం కొన్న గేములన్నీ వరసగా కనిపిస్తాయి. కావాల్సినదాని మీద నొక్కితే నెట్లోంచి అదే దిగుతుంది.

దిగుతుంది అన్నది మాట వరసకి. మా లైను మీద ఒక పెద్ద గేము దిగడానికి రెండు రోజులు పట్టేది. మధ్యలో ముప్ఫయ్యో శాతం దగ్గరో, తొంభై ఏడు దగ్గరో బిగుసుకుని కూర్చునేది. కుర్రాళ్ళు నా చుట్టూ చేరి నా ముఖం చూసేవాళ్ళు.

నాకొక పద్ధతి ఉంది. ముందు క్లయింట్‌ని పూర్తిగా మూసి మళ్ళీ తెరవాలి. కాకపోతే మోడెం ఆపి, అర నిమిషం ఆగి వెయ్యాలి. అదీ కాకపోతే సెట్టింగుల్లోకి వెళ్ళి ఏ ఊరి సర్వరు నుంచి దింపుకోవాలో మార్చాలి. దగ్గరి ఊరు కిక్కిరిసి ఉంటే దూరపు ఊరే నయం. ఆ తర్వాత పాత డౌన్‌లోడ్ తుక్కంతా తుడిచెయ్యాలి. యాంటీవైరస్ అడ్డుపడుతోందేమో చూడాలి. డిస్కులో చోటుందో లేదో చూడాలి. దిగినంతవరకూ ఫైళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో ఆ క్లయింట్ చేతే సరిచూయించాలి. చివరికి గడియారం చూడాలి. బందరు ఉప్పుగాలికి మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ కింద రేకు చిలుము పట్టి, సిస్టం తేదీ ఐదారేళ్ళు వెనక్కి పోయేది. తేదీ తప్పయితే అవతలి సర్వరు మనల్ని లోపలికి రానివ్వదు. ఈ చివరిది కనిపెట్టింది నేనే. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి గోడకి అంటించాను కూడా.

నాంచారయ్యది నాగాయలంక అవతల, ఏటి మొగ దగ్గర ఊరు. చేపల వేట వాళ్ళు. అతను మాత్రం ఇంటర్ దాకా చదివి, అవనిగడ్డలో ఆరు నెలలు టైపు, కంప్యూటరు నేర్చుకున్నాడు. నాకంటే ఐదేళ్ళు చిన్న. సన్నగా, ఎప్పుడూ నవ్వుమొహంతో ఉండేవాడు. మావయ్య గారు అతన్ని పెట్టుకున్నది ప్రింటౌట్లు తియ్యడానికి.

వచ్చిన రెండో వారమే జరిగింది. నేను నా కాగితంలో ఉన్నవన్నీ చేసి, చెమటలు తుడుచుకుంటూ లేచాను. గేము డెబ్భై రెండు దగ్గర కదలనంటోంది. "నేనోసారి చూడనా అన్నయ్యా?" అని నాంచారయ్య కూర్చున్నాడు. ఎడమ అరచెయ్యి సీపీయూ డబ్బా మీద ఆనించాడు, పశువు వీపు మీద వేసినట్టు. కాసేపు అలాగే ఉంచాడు. మళ్ళీ మొదలుపెట్టే బటన్ నొక్కాడు. డెబ్భై మూడు. డెబ్భై నాలుగు.

నేను చేసినవాటి ఫలితమే ఆలస్యంగా వచ్చిందనుకున్నాను. మొదటిసారి అలా అనుకోవచ్చు. రెండోసారి కూడా అనుకోవచ్చు. తర్వాత అతనికి చెప్పకుండా ఒక నోటుబుక్కు పెట్టాను. ఏ సిస్టం, ఎంత శాతం దగ్గర ఆగింది, నేనేం చేశాను, అతనేం చేశాడు, అన్నీ రాశాను. అతనేదో కిటుకు దాస్తున్నాడని నా నమ్మకం. మిగతా సిస్టాలకి నెట్ తగ్గిస్తున్నాడేమోనని చూశాను, కాదు. ముందే వేరేచోట దింపి తెస్తున్నాడేమోనని చూశాను, కాదు. నోటుబుక్కు సగం నిండింది గానీ అందులో నాకు దొరికింది ఒకటే. నేను కూర్చుంటే ఆగుతోంది, అతను కూర్చుంటే కదులుతోంది.

మనవాళ్ళు డాక్టర్లకి హస్తవాసి అంటారు చూడండి. కుర్రాళ్ళు ఆ మాట నాంచారయ్యకి అంటించారు. సెంటర్‌లోకి వస్తూనే "నాంచారయ్య లేడా అండీ?" అనేవాళ్ళు. నేను ఎదురుగా కూర్చునే ఉంటాను. లేడంటే, సాయంత్రం వస్తామని వెళ్ళిపోయేవాళ్ళు. మావయ్య గారైతే పొద్దున్న మొదటి బేరం కూడా అతని చేత్తోనే మొదలవ్వాలనేవారు. "ఆగరా సీనూ, వాణ్ణి రానీ. వాడి బోణీ మంచిది" అని నన్ను ఆపేవారు. నాలుగేళ్ళుగా ఆ సెంటర్ షట్టరు ఎత్తింది ఈ చేతులే. ఒళ్ళు మండిపోయేది.

దీనికి తోడు మోడెం కేబుల్ సంగతొకటి. మోడెంలోకి దూరే జాక్‌కి చిన్న ప్లాస్టిక్ క్లిప్పు ఉంటుంది. అది విరిగి, కేబుల్ వదులై, ఎవరి కాలు తగిలినా నెట్ పోయేది. కొత్త జాక్ వేద్దామని నేను రెండు నెలలుగా అంటూనే ఉన్నాను. ఒక మధ్యాహ్నం నాంచారయ్య జేబులోంచి వలలు బాగుచేసే నీలం నైలాన్ దారం తీసి, జాక్‌నీ మోడెంనీ కలిపి ముడేసేశాడు. వల అల్లేటప్పుడు వేసే ముడట. చూస్తే ఏ కొస ఎటు వెళ్ళిందో తెలీదు. లాగినకొద్దీ బిగుస్తుంది. ఆ తర్వాత కేబుల్ ఒక్కసారి కూడా ఊడలేదు. కొత్త జాక్ గురించి మావయ్య గారు మళ్ళీ అడగలేదు.

గుడివాడ బ్రాంచికి గది చూడటానికి ముగ్గురం వెళ్ళినప్పుడు భోజనం మా ఇంట్లో పెట్టుకున్నాం. పాప నన్ను చూడగానే మామూలుగానే రాగం అందుకుంది. నేను ఎత్తుకుని ఊపుతున్నకొద్దీ ఇంకా గట్టిగా ఏడుస్తోంది. నాంచారయ్య చేతులు చాపి, "ఇలా రామ్మా" అన్నాడు. వెళ్ళిపోయింది. అతని భుజం మీద తల వాల్చి, చొక్కా బొత్తాం పట్టుకుని ఊరుకుంది. మా ఆవిడ పద్మ వంటింట్లోంచి తొంగిచూసి, "ఎంత మంచి చెయ్యి నాయనా నీది!" అంది. ఆవిడకేం తెలుసు, మామూలుగా అంది.

"పాప మీ దగ్గరికి రాదా అన్నయ్యా?" అని అడిగాడు నాంచారయ్య.

"పళ్ళొస్తున్నాయిలే, చిరాకుగా ఉంటోంది" అన్నాను. అన్నం సయించలేదు. మావయ్య గారు పాపనీ అతన్నీ చూసి నవ్వుతున్నారు. తిరిగి వెళ్ళేటప్పుడు బస్సులో, "గుడివాడ ప్రారంభం రోజున వీడి చేత్తోనే బోణీ చేయిద్దాం. కుదిరితే వీణ్ణే అక్కడ ఉంచేస్తాను" అన్నారు. అతని చేత్తో అవుతున్న పని చూసి అంటున్నారు, తప్పు పట్టడానికి లేదు. నాకు మాత్రం జీవితాంతం ప్యాసింజర్‌లో కునుకు తియ్యడమే కనిపించింది. పాప నడక నేర్చుకుంటుంది, మాటలు నేర్చుకుంటుంది, నేను పెడన స్టేషన్‌లో ఉంటాను.

ప్రారంభం సోమవారం పొద్దున్న. కాలేజీ కుర్రాళ్ళకి ఒక కొత్త గేము మీద పోటీ పెడతామని మావయ్య గారు గుడివాడంతా కాగితాలు పంచారు. గుడివాడకి లైను ఇంకా రాలేదు. అందుకని బందరులో ఒకటో నంబరు సిస్టంలో గేము దింపి, క్లయింట్‌లోనే బ్యాకప్ తీసి, హార్డ్‌డిస్క్ గుడివాడ తీసుకెళ్ళి అన్నిట్లోకీ ఎక్కించాలి. శనివారం నాంచారయ్యే బటన్ నొక్కి మొదలుపెట్టాడు. ఆదివారం సాయంత్రం లోపల పూర్తవ్వాలి.

ఆదివారం అతను ఉండలేకపోయాడు. వాళ్ళ అక్క కూతురికి ఓణీల ఫంక్షను, మేనమామ లేకపోతే కుదరదు. పొద్దున్నే బస్సెక్కుతూ సెంటర్ దగ్గర ఆగాడు. "సాయంత్రానికి వచ్చేస్తాను. ఏమీ ముట్టుకోనక్కర్లేదు అన్నయ్యా. ఆగితే మళ్ళీ నొక్కండి చాలు" అన్నాడు. నాకు నేర్పుతున్నాడు! ఆ కాగితం గోడకి అంటించింది నేను.

ఆ రోజు సముద్రంలో వాయుగుండం. పొద్దున్నుంచీ ముసురు. ఆదివారం ఒంటిగంట నుంచి నాలుగింటిదాకా సెంటర్ మూసేస్తాం. షట్టరు సగానికి దించి, మిగతా సిస్టాలన్నీ ఆపేశాను. మావయ్య గారు భోజనానికి వెళ్ళారు. లోపల నేనొక్కణ్ణే. ఒకటో నంబరు సిస్టం ముందు కూర్చుని చూశాను. అరవై ఒకటి. మిగతా సిస్టాలు ఆగి లైనంతా దానికే దొరికేసరికి, సాయంత్రానికి అయిపోయేంత చక్కగా దిగుతోంది. ఆ చక్కదనమే నాకు పడలేదు. మనిషి దివిసీమలో పులిహోర తింటున్నాడు, ఇక్కడ అతని పని నడిచిపోతోంది.

లేచి మోడెం దగ్గరికి వెళ్ళాను. ముడి విప్పుదామని చూశాను, రాలేదు. సొరుగులోంచి బ్లేడు తీసి దారం కోసేశాను. కేబుల్ లాగేశాను.

నా లెక్క ఏమిటంటే, ఒక రెండు గంటలు అలా వదిలేసి, మావయ్య గారు వచ్చేలోపు మళ్ళీ పెట్టేస్తాను. సాయంత్రానికి గేము పూర్తవ్వదు. నాంచారయ్య హస్తవాసి అంతేనా అనుకుంటారు. ఎవరికీ దెబ్బ తగలదు. కేబుల్ ఊడిందని ఎవరైనా అంటే, క్లిప్పు విరిగిన జాక్ కదా.

సిస్టం మీద వేగం చూపించే చోట సున్నా పడింది. కడుపు చల్లబడినట్టయింది. సిగ్గుపడుతూ రాస్తున్నాను గానీ, చాలా రోజుల తర్వాత నాకు ఆకలేసింది. క్యారేజీ విప్పుకుని తిన్నాను. చెయ్యి కడుక్కుని వచ్చి చూస్తే అరవై నాలుగు.

సరిగ్గా చూడలేదేమో ఇందాక, అరవై నాలుగే ఉందేమో అనుకున్నాను. చూస్తుండగా అరవై ఐదైంది.

వేగం దగ్గర ఇంకా సున్నానే ఉంది.

మోడెం చూశాను. లైను లైటు వెలుగుతోంది, సిస్టాల వైపు లైటు ఆరిపోయి ఉంది. కేబుల్ కొస నేల మీద ఉంది. ఏదో ఒక వెబ్ పేజీ తెరవబోయాను, రాలేదు. పింగ్ కొట్టి చూశాను, అవతలినుంచి సమాధానం లేదు. ఆ రోజుల్లో మాకు వైఫై లేదు. సెంటర్ మొత్తానికి లైను అదొక్కటే. అప్పుడు సిస్టం వెనకాల ఉన్న కేబుల్ కూడా పీకేశాను. కింద మూలలో ఎర్ర గుర్తు పడి, కేబుల్ ఊడిపోయిందని సిస్టమే చెప్పింది. అరవై ఆరు.

కంప్యూటర్ల సంగతి తెలిసినవాళ్ళు ఇక్కడ నన్ను ఆపి, ముందే దిగిపోయిన సరుకు విప్పుతూ ఉండుంటుందిలే అంటారు. నాకూ మొదట అదే తట్టింది. గేము ఫోల్డరు తెరిచి సైజు చూశాను. డిస్కులో మిగిలిన చోటు కూడా చూశాను. రెండు జీబీ పైచిలుకు దగ్గర మొదలై, ఐదు నిమిషాలకోసారి చూస్తుంటే ఫోల్డరు పెరుగుతోంది, డిస్కులో చోటు అంతకంతా తగ్గుతోంది. మూటకట్టిన ఫైళ్ళేవీ డిస్కులో ఇంకెక్కడా లేవు. అన్ని చోట్లా వెతికాను. అప్పుడు కూడా నోటుబుక్కులో టైముతో సహా రాసుకున్నాను. ఆ పేజీ ఇంకా నా దగ్గరుంది.

భయపడ్డానా అని అడుగుతారు. తర్వాత భయపడ్డాను. ముందు మాత్రం భయం కాదు, ఉక్రోషం. నేను లైను పెట్టుకుని, తేదీ సరిచేసి, సర్వర్లు మార్చి, యాంటీవైరస్ కాళ్ళు పట్టుకుని చేస్తే కాని పని, అతను ఊళ్ళో లేకపోయినా, తీగ లేకపోయినా అవుతోంది. నాకెందుకు కాదు? నేనేం తక్కువ చేశాను? ఖాళీ సెంటర్‌లో పైకే అన్నాను ఆ మాట.

అతను పెట్టే చోటే, డబ్బా మీద నా అరచెయ్యి ఆనించాను.

అంకె ఆగిపోయింది.

డెబ్భై ఎనిమిది. నిమిషం చూశాను, రెండు నిమిషాలు చూశాను. కదల్లేదు. చెయ్యి తీశాను. డెబ్భై తొమ్మిది. మళ్ళీ పెట్టాను, ఆగింది. తీశాను, కదిలింది. మూడుసార్లు చేశాను.  ఇంట్లో పాప గుర్తొచ్చింది. నేను పట్టుకుంటే ఏడుపు, వదిలితే ఊరుకోవడం. అచ్చం అలాగే ఉంది. అప్పుడు పట్టుకుంది భయం.

కుర్చీ వెనక్కి జరుపుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మోడెం దగ్గరి కేబుల్ కొస నా చేతిలోనే ఉంది, నేల మీంచి ఎప్పుడు తీశానో, ఎందుకు పట్టుకున్నానో తెలీదు. బయట చూరు నీళ్ళు షట్టరు మీద పడుతున్నాయి. మూడున్నర దాటాక వంద పడింది. గేము సిద్ధంగా ఉందని క్లయింట్ చెప్పింది.

లేచి అన్నీ యథాస్థానంలో పెట్టాను. సిస్టం వెనక కేబుల్ పెట్టాను, మోడెంలో జాక్ దూర్చాను. మేజా కింద నీలం దారం ముక్క పొడవుగా ఉన్నది ఒకటి దొరికితే దాంతో మళ్ళీ కట్టాను. నాకొచ్చింది పీటముడి ఒక్కటే. రెండుసార్లు వేశాను. తర్వాత ఫైళ్ళు సరిచూయించాను, ఒక్కటి కూడా తప్పు లేదు. గేము తెరిచాను, తెరుచుకుంది.

నాలుగవుతుండగా నాంచారయ్య వచ్చాడు. తల మీంచి నీళ్ళు కారుతున్నాయి, చేతిలో ఫంక్షన్‌లో పెట్టిన అరిసెల పొట్లం. ముందు సిస్టం చూశాడు. తర్వాత మోడెం వైపు తిరిగాడు. ముడి చూశాడు.

నేను గోడకి అంటించిన కాగితం చదువుతున్నట్టు నిలబడ్డాను. మూడు నిమిషాలు చదివాను దాన్ని.

అతను వంగి నా పీటముడి విప్పాడు. మేజా కింద పడున్న కోసిన ముక్కలు ఒక్కొక్కటీ ఏరి చొక్కా జేబులో వేసుకున్నాడు. అదే జేబులోంచి కొత్త దారం తీసి తన ముడి తను వేసుకున్నాడు.  నా వైపు చూశాడో లేదో నాకు తెలీదు, నేను తల తిప్పలేదు.

అప్పుడే మావయ్య గారు గొడుగు ముడుస్తూ షట్టరు కింద దూరారు. "అయిందా?" అన్నారు.

"అయింది మావయ్య గారూ" అన్నాడు నాంచారయ్య. "కానీ నా చెయ్యేం లేదండీ ఇందులో. నేను ఊళ్ళోనే లేను కదా. పొద్దున్నుంచీ సీనన్నయ్యే కూర్చున్నాడు. ఆయన చేత్తోనే అయింది."

మావయ్య గారు నన్ను ఎగాదిగా చూశారు. "అయితే రేపు బోణీ నువ్వే చెయ్యరా సీనూ" అన్నారు.

నోరు తెరవాల్సింది అప్పుడే. తెరవలేదు.

సోమవారం గుడివాడలో అన్నీ సవ్యంగా జరిగాయి. మొదటి సిస్టం నా చేత్తోనే ఆన్ చేయించారు. ఆ నెలలోనే బ్రాంచి నాకు అప్పగించారు. నాంచారయ్య ఏడాదిపాటు బందరులోనే ఉండి, తర్వాత అవనిగడ్డలో సొంతంగా చిన్న షాపు పెట్టుకున్నాడు.

గుడివాడకి లైను వచ్చాక నేను చాలాసార్లు ప్రయత్నించి చూశాను. అదే క్లయింట్, అదే గేము. దిగుతుండగా కేబుల్ పీకేవాణ్ణి. పీకిన క్షణాన ఆగిపోయేది, ప్రతిసారీ. లైను ఇచ్చేవాళ్ళ సైట్‌లో ఏ రోజు, ఏ వేళ ఎంత వాడామో చూపిస్తారు. బందరు లైనుకి ఆ ఆదివారం ఎంత చూపించారో చూశాను. పొద్దున్నుంచి నేను కేబుల్ పీకినంతవరకూ దిగింది ఉంది. ఆ తర్వాత మళ్ళీ కేబుల్ పెట్టేదాకా సున్నా. మిగతా గేము ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరి లెక్కలోనూ లేదు.

రెండేళ్ళ తర్వాత ఒక పని మీద అవనిగడ్డ వెళ్తే బస్టాండ్‌లో నాంచారయ్య కనబడ్డాడు. బలవంతాన టీ తాగించాడు. షాపు గురించి చెప్పాడు, వాళ్ళ అక్క కూతురి చదువు గురించి చెప్పాడు. అడుగుదామని నాలుక చివరిదాకా వచ్చింది. అడగాలంటే తీగ నేనే పీకానని ముందు నా నోటితో చెప్పాలి. అతనికి తెలుసని నాకు తెలుసు. అయినా టీ ఊదుకుంటూ కూర్చున్నాను.

అడిగింది అతనే.

"పాప ఇప్పుడు మీ దగ్గరికి వస్తోందా అన్నయ్యా?"

"నన్ను వదలట్లేదు నాంచారయ్యా" అన్నాను. "సెంటర్‌కి వెళ్తుంటే కాళ్ళకి చుట్టుకుంటోంది."

"అదీ" అన్నాడు, నవ్వి.  బస్సొచ్చింది, ఎక్కేశాను. కిటికీలోంచి చూస్తే రెండు గ్లాసులూ అతనే తీసుకెళ్ళి టీ బడ్డీ మీద పెడుతున్నాడు.

పాపకిప్పుడు కాలేజీ. దాని మొదటి అడుగు చూశాను, మొదటి మాట విన్నాను. నాకు దక్కినవన్నీ ఆ ముసురు రోజున నేను పాడుచెయ్యబోయిన పని వల్ల దక్కినవే. నాంచారయ్య ఆ రోజు ఊరుకున్నాడు చూడండి, కోసిన దారం జేబులో వేసుకుని, ఆ ఊరుకోవడం నాకు చేతనయ్యేది కాదు. దాన్ని తలుచుకున్నా నాకు కుళ్ళే.

మిషను ఆగిందంటే కారణం ఉంటుందని, వెతికితే దొరుకుతుందని మొదట్లో అన్నాను. ఆ రోజు ఆగకపోవడానికి కారణం ఉంటే గింటే ఎవరి దగ్గరుంటుందో నాకు తెలుసు. గుడివాడ నుంచి అవనిగడ్డకి బస్సులో రెండు గంటలు. ఇప్పటిదాకా వెళ్ళి అడగలేదు.